ఉత్తరాది శునకములు

కెనడా ఆదిమవాసి సేవల శాఖామాత్యవర్యులకు,

శీతకాలమున గడ్డకట్టిన సరస్సులమీది మంచుబాటయు, తక్కిన కాలమున చిన్న విమానమును దప్ప వేరు దారిలేని ఉత్తర మానిటోబా పల్లెలలో పశువైద్యుడు నివసింపకపోవుటచేత, కుటుంబ నియంత్రణ చికిత్స లేక యేటేట వృద్ధినొందు కుక్కలను స్వచ్ఛంద సేవకులు విన్నిపెగ్గునకు దెచ్చి గృహస్థుల కప్పగించుచున్నారు. ఈ దయ శ్లాఘ్యమే. కాని యెన్ని కుక్కపిల్లలను తరలించినను, తల్లి యక్కడనే యున్నది గదా! 1950, 60 దశకములలో ఉత్తరధ్రువ ప్రాంతపు బాఫిన్ ద్వీపమున ఇన్యూయిట్లను ఆదిమజనుల మంచుబండి కుక్కలను పోలీసులు చంపినందులకు 2019లో మీ ప్రభుత్వమే క్షమాపణ చెప్పియుండగా, ఉత్తరాది ఆదిమజనులను శునకద్వేషులని నిందించుట (మా నగరవాసులకు అది యలవాటు) అన్యాయము. కావున సంచార పశువైద్యశాలకు స్థిరమైన నిధి నేర్పరచి, ఏ కుక్క పోవలెనో, ఏది నిలువవలెనో నిర్ణయించుట ఆ గ్రామసభలకే విడువుడని ప్రార్థన.

విన్నిపెగ్ నగరమందలి యొక తెలుగు గృహస్థు