బూందీకి ముహూర్తం ఎవరు పెట్టాలి?

మొన్న శనివారం మా బూందీకి టీకాలు వేయించడానికి తీసుకెళ్ళాను. బూందీ అంటే మా లాబ్రడార్ పిల్ల. ఆడది, నాలుగు నెలలు. రంగు చూసి మా పిల్లలు పెట్టిన పేరు. టీకా అయ్యాక కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ ఓ కాగితం చేతిలో పెట్టింది. చూద్దును కదా, బూందీకి కు.ని. ఆపరేషన్ తారీఖు! సరిగ్గా ఆరు నెలలు నిండే వారం. "ఆరు నెలలకే ఎందుకు?" అన్నాను. అన్ని కుక్కలకీ అప్పుడే చేస్తారట. ఇప్పుడే డబ్బు కట్టేస్తే డిస్కౌంటు కూడానట.

ఇంటికొచ్చి చెబితే అమ్మ (ఆర్నెల్లు ఉందామని వచ్చింది లెండి) ఒంటికాలి మీద లేచింది. "నోరులేని జీవంరా, పాపం చుట్టుకుంటుంది. చేయిస్తే చేయించు గానీ, ఒక్క ఈతన్నా ఈననివ్వు ముందు."

ఇవీ రెండు ముహూర్తాలు. ఒకటి క్లినిక్కుది, ఇంకోటి మా అమ్మది. నా మటుకు నాకు రెండూ తప్పే. కారణం ఒకటే. ఇద్దరూ బూందీ వంక చూడలేదు.

ముందు ఆరు నెలల సంగతి. ఈ హార్మోన్లు పిల్లల్ని కనడానికే కాదు. కుక్కపిల్ల కాళ్ళ ఎముకల కొసల్లో మెత్తటి భాగం ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. "ఇక పెరిగింది చాలు" అని దాన్ని మూయించేవాటిలో ఈ హార్మోన్లు ముఖ్యమైనవి. అండాశయాలో వృషణాలో ముందే తీసేస్తే అది ఆలస్యంగా మూసుకుంటుంది, ఎముక ఉండాల్సిన దానికన్నా కాస్త పొడుగు పెరుగుతుంది. చిన్న కుక్కకి పెద్ద తేడా ఉండకపోవచ్చు. ముప్ఫై కిలోలు మోసే కీళ్ళకి ఉంటుంది.

ఇది నా సొంత పైత్యం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లోని పరిశోధకులు తమ పశువైద్యశాల రికార్డులు తిరగేసి 2014లో ఒక లెక్క ప్రచురించారు. ఆపరేషన్ చేయించని లాబ్రడార్లలో కీళ్ళ జబ్బులు 5 శాతం దాకా ఉంటే, ఆరు నెలల లోపు చేయించిన వాటిలో అది రెట్టింపు. గోల్డెన్ రిట్రీవర్లలో నాలుగైదు రెట్లు! 2020లో వాళ్ళే 35 జాతుల మీద లెక్క తీస్తే, చివావా లాంటి చిన్న జాతుల్లో కీళ్ళకి ఆ తేడా కనపడలేదు. ఒకే ఆసుపత్రి రికార్డులు కాబట్టి ఇదే వేదమని నేననను. కానీ చివావాకీ లాబ్రడార్‌కీ ఒకే తారీఖు రాసివ్వడం వైద్యం కాదు, క్యాలెండరు నింపుకోవడం.

"మరి రొమ్ము క్యాన్సరో?" అని మీలో ఎవరో అడుగుతారు. నన్నూ దాంతోనే భయపెట్టారు. మొదటిసారి ఎదకి రాకముందే చేయిస్తే 0.5 శాతం, ఒక ఎద తర్వాత 8, రెండో ఎద దాటితే 26 అని అందరూ వల్లించే అంకెలు 1969 నాటి అధ్యయనంలోవి. చాలామంది దాన్ని "రెండు ఎదలు దాటితే నూటికి 26 కుక్కలకి క్యాన్సర్" అని చదువుకుంటారు. అది కాదు. ఆపరేషన్ చేయించని కుక్కకి ఉన్న ముప్పుని నూరు అనుకుంటే, ఒక ఎద తర్వాత చేయించిన దానికి 8 అని. పైగా ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2012లో సమీక్షించినవాళ్ళు, ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్నారు. ముప్పు లేదనడం లేదు. శాతం దేనిలో శాతమో అడక్కుండా భయపడొద్దంటున్నాను. ఆఫీసులో ఎవడైనా స్లైడు మీద ఇలాంటి అంకె పెడితే మనం ఊరుకుంటామా?

ఇక అమ్మ ముహూర్తం. అమ్మ ఒక్కతే కాదు, ఇక్కడ పదేళ్ళ నుంచీ ఉంటున్న మన మిత్రులదీ ఇదే వరస. "ఒక ఈత ఈనితే ఆరోగ్యానికి మంచిది" అనేదానికి వైద్యంలో ఆధారం లేదు. మగకుక్క సంగతి ఎత్తితే మా మిత్రుడొకడు తనకే చేస్తారన్నట్టు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. ఆ సిగ్గు కుక్కది కాదు నాయనా, నీది!

అసలు చేయించకుండా వదిలేస్తే? స్వీడన్ ఇన్సూరెన్సు రికార్డుల ప్రకారం, ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకి పదేళ్ళు నిండేలోపే గర్భసంచిలో చీము పట్టింది. వెంటనే చూపించకపోతే ప్రాణం మీదికొస్తుంది. దీనికన్నా పాపం ఏముంది?

పాపం అంటే నాకు గుర్తొచ్చేది వేరే. చిన్నప్పుడు గోదావరి ఒడ్డున మా ఇంటి అరుగు కింద ఒక వీధికుక్క ఏటా ఈనేది. ఒకసారి ఏడు పిల్లలు. నేనూ మా అన్నయ్యా గోనెసంచి పరిచి, పాలు పోసి, పేర్లు కూడా పెట్టాం. రెండు నెలలయ్యేసరికి మిగిలింది ఒక్కటి. కొన్ని లారీల కింద పడ్డాయి, కొన్ని జబ్బు చేసి పోయాయి. మరుసటేడు మళ్ళీ ఆరు. అప్పుడు "పాపం" అన్నవాళ్ళు లేరు. "కుక్కలంతే" అన్నారు.

అందుకే వీధికుక్కల విషయంలో నాకు రెండో మాట లేదు. హైదరాబాదులో 1992లో అమల గారు మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు కుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదిలిపెట్టే పని చేస్తున్నాయంటే, వాళ్ళకి ఏడాదిదాకా ఆగే వీలుండదు. ఈరోజు వదిలేస్తే మళ్ళీ దొరకదు. ఇక్కడి షెల్టర్లదీ అదే బాధ. 1970ల్లో అమెరికా షెల్టర్లలో ఏటా కోటికి పైగా జంతువుల్ని చంపేవారని అంచనా. ఇప్పుడది పది లక్షల లోపుకి వచ్చిందంటే అందులో ఈ ఆపరేషన్ల పుణ్యం చాలా ఉంది. లాస్ ఏంజిల్స్ నగరం 2008లో నాలుగు నెలలు దాటితే చేయించాల్సిందేనని చట్టమే చేసింది, కొన్ని మినహాయింపులతో. గుంపు మొత్తాన్ని చూసి చేసిన లెక్క అది. గుంపుకి సరైనదే. కానీ కంచె ఉన్న పెరట్లో, తాడు పట్టుకునే మనిషి ఉన్న ఒక్క కుక్కకి అదే లెక్క ఎందుకు?

మనిషి ఉంటేనే సుమా! ఇక్కడే నా సంగతి తేలాలి. ఆడకుక్క ఎదకి వస్తే దాదాపు మూడు వారాలు కాపలా కాయాలి. నేను సోమవారం తెల్లారుజామున ఫ్లైటెక్కితే గురువారం రాత్రికి ఇల్లు చేరే బాపతు. మా ఆవిడ మొహమాటం లేకుండా అడిగింది, "ఆ మూడు వారాలూ ఎవరు చూస్తారు? నువ్వా, నేనా?" న్యాయమైన ప్రశ్న. క్లినిక్కు మీద ఎగిరినంత సులువుగా దీనికి జవాబు రాలేదు. చివరికి మేనేజరుతో మాట్లాడాను. అప్పుడు మూడు వారాలు ఇంటి నుంచే పని. అది గనక కుదరకపోతే ఆరు నెలలకే చేయించేస్తాను, సిగ్గుపడను. ఎక్కడికి పంపాలో తెలియని ఏడు పిల్లలకన్నా కీళ్ళ ముప్పే నయం.

సోమవారం క్లినిక్కుకి ఫోన్ చేసి తారీఖు రద్దు చేయించాను. డాక్టరు గారితో మాట్లాడతానంటే ఆయనే లైన్లోకొచ్చి పది నిమిషాలు ఓపిగ్గా మాట్లాడారు. లాబ్రడార్ కాబట్టి ఏడాది దాటనిచ్చి, ఎద అయిన రెండు మూడు నెలలకి చేయిద్దామంటే సరేనన్నారు. "మరి ఆ కాగితం?" అంటే, "ఎవరూ అడగరు, అందుకని అందరికీ అదే ఇస్తాం" అన్నారు.

విన్నారుగా. ఎవరూ అడగరట. పెళ్ళి ముహూర్తానికి నలుగురు పంతుళ్ళని తిప్పే జాతి మనది. మీ కుక్కపిల్ల జాతేమిటి, ఎంత బరువు పెరుగుతుంది, ఆడా మగా, కాపలా ఎవరు... ఈ నాలుగూ పట్టుకెళ్ళి మీ డాక్టర్ని అడగండి. అడిగాక ఆరు నెలలే అని తేలితే నాకేం పేచీ లేదు.

అమ్మ మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బూందీకి మాత్రం పెరుగన్నం పెడుతోంది.