డోలు వాయించినవాడికి మెదడు వుండదా?

ఇటీవల మా అధ్యయన బృందంలో ఒక పాత రికార్డు వినిపించాను. దాని పేరు "మాంటెకా". డిజ్జీ గిలెస్పీ బృందం 1947 డిసెంబరు 30న రికార్డు చేసిన జాజ్ సంగీతం అది. మూడు నిమిషాల పాట. అది ఆగీ ఆగకముందే ఒక విద్యార్థి మిత్రుడు లేచి, "మాస్టారూ, యిది అమెరికా సారాకొట్ల సంగీతం. మనకెందుకు?" అన్నాడు. తోటి ఉపాధ్యాయులొకరు అతన్ని సముదాయిస్తూ, "అట్లా కొట్టిపారెయ్యకు. నల్లవాళ్ళకు లయ రక్తంలోనే వుంటుంది. ఆ డోలులో వున్నది అడవి శక్తి" అన్నారు.

ఒకరు నిందించారు, ఒకరు పొగిడారు. నాకు మాత్రం యిద్దరూ ఒకే మాట అన్నట్టు తోచింది. డోలు వాయించినవాడు ఆలోచించలేదనేదే ఆ మాట. సారాకొట్టు వాయించిందని ఒకరు, రక్తం వాయించిందని యింకొకరు. మనిషి వాయించాడని యిద్దరిలో ఎవరూ అనలేదు. ఆ మనిషి పేరు చానో పోసో. అతని తరపున నాలుగు మాటలు చెప్పడానికే యీ వ్యాసం.

మొదట మన యింటి తప్పు ఒప్పుకుందాం. గోర్కీ అంతటివాడు 1928లో "ప్రావ్దా"లో యీ సంగీతాన్ని లావెక్కినవాళ్ళ సంగీతమని చీదరించుకుంటూ వ్యాసం రాశాడు. ఇటలీలో వుంటూ, రాత్రిపూట హోటలు నుంచి వినవచ్చిన నృత్యసంగీతం అతనికి వెగటు పుట్టించింది. హోటల్లో కూర్చుని విన్నవాడి పొట్టను గోర్కీ సరిగ్గానే చూశాడు. ఆ సంగీతాన్ని పుట్టించినవాడి చేతులు మాత్రం చూడలేదు. తిన్నవాడి మీది కోపంతో వండినవాణ్ణి తిట్టడమే యిది. "అమ్మ" రాసిన చెయ్యి రాసింది గనక అది కూడా సత్యమేనని మనలో చాలామంది చాలా కాలం నమ్మారు. గోర్కీని గౌరవించడమంటే ఆయన పొరపాట్లను కూడా కంఠస్థం చెయ్యడం కాదు.

ఇక రక్తం సిద్ధాంతం సంగతి. లయ రక్తంలోనే వుండేదయితే, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు ఎక్కడ దిగినా అక్కడల్లా అది ఒకే తీరుగా మోగాలి. అట్లా జరగలేదు. 1739లో దక్షిణ కెరొలైనాలోని స్టోనో నది దగ్గర బానిసలు డోళ్ళు మోగిస్తూ తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడు, 1740లో, యజమానుల శాసనసభ బానిసలకు డోళ్ళను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ డోలు మనుషుల్ని పోగుచేస్తుందని యజమానులకు బాగా తెలుసు. క్యూబాలో స్పెయిన్ పాలకులు మరో పద్ధతి అవలంబించారు. ఆఫ్రికా జాతులను విడివిడిగా "కబిల్డో" సంఘాలుగా వుండనిచ్చారు; విడివిడిగా వున్నవాళ్ళు కలిసి తిరగబడరని వాళ్ళ లెక్క. ఆ సంఘాల్లో డోళ్ళు బతికాయి. హవానా రేవులో పనిచేసే నల్ల కూలీలలో అబాకువా అనే రహస్య సోదరసంఘం పాతుకుపోయింది. 1836లో పుట్టిన ఆ సంఘం పాటలనూ, దరువులనూ తరం నుంచి తరానికి అప్పగిస్తూ వచ్చింది. ఒకచోట చట్టం నోరు నొక్కింది, ఒకచోట కూలీల సంఘం కాపాడింది. ఇందులో రక్తానికి పనేముంది? ఇది చరిత్ర చేసిన పని.

లూసియానో పోసో గొన్సాలెస్, అందరూ పిలిచే పేరు చానో, 1915 జనవరి 7న హవానాలో పుట్టాడు. క్యూబాలో బానిసత్వం రద్దయి అప్పటికి 29 ఏళ్ళే. తమకంటూ ఒక రాజకీయ పక్షం పెట్టుకున్న నల్లవాళ్ళను వేల సంఖ్యలో చంపి మూడేళ్ళే. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం, నడుమ ఉమ్మడి వాకిలి వుండే పేదల లోగిళ్ళలో పెరిగాడు. కుర్రతనంలోనే గ్వానహాయ్ బాలనేరస్థుల శాలకు పోయాడు. బయటికి వచ్చాక బూట్లు తుడిచాడు, పత్రికలు అమ్మాడు. ఒక రేడియో స్టేషను గుమ్మం దగ్గర కాపలా కాశాడు. ఆ తరువాత అదే స్టేషనులో వాయించాడు.

అతని బడి వీధి. ఉత్సవాలలో పేటపేటకూ "కొంపార్సా" అనే ఆటపాటల దండు కదిలేది. నల్లవాళ్ళ గోల నాగరికతకు మచ్చ అని ప్రభుత్వం వాటిని ఏళ్ళ తరబడి నిషేధించింది. 1937లో తిరిగి అనుమతించింది; టూరిస్టుల డాలర్లు ఆ మచ్చను కడిగేశాయి! బెలెన్ పేట డాండీల దండుకు చానో పాట కట్టాడు, నాట్యం చేశాడు, డోలు వాయించాడు. "బ్లెన్ బ్లెన్ బ్లెన్" వంటి అతని పాటలు పెద్ద బృందాలు పాడాయి. పాట మీద వచ్చే డబ్బు కోసం తగాదా పడితే, అతనికి దొరికింది తుపాకి గుండు. దాన్ని వెన్నులో మోసుకుంటూనే 1947లో న్యూయార్కు చేరాడు.

అక్కడ మారియో బౌసా అనే క్యూబా ట్రంపెట్ వాద్యకారుడు అతన్ని గిలెస్పీకి పరిచయం చేశాడు. వాళ్ళిద్దరూ ఒకప్పుడు క్యాబ్ క్యాలవే బృందంలో కలిసి పనిచేసినవాళ్ళు. 1947 సెప్టెంబరు 29న కార్నెగీ హాలులో గిలెస్పీ బృందంతో చానో వాయించాడు. అతనికి ఇంగ్లీషు రాదు, బృందానికి స్పానిష్ రాదు. స్వరలిపి చదవడం కూడా అతనికి రాదు.

మరి "మాంటెకా" ఎట్లా పుట్టింది? గిలెస్పీ తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పాడు. చానో ముందుగా బాస్ తీగ మీటవలసిన వరసను నోటితో పాడి చూపాడు. దాని మీద శాక్సఫోన్ల వరస, ట్రాంబోన్ల వరస, ట్రంపెట్ల వరస, ఒక్కొక్కటీ పాడి చూపాడు. నడుమ 16 ఆవర్తాల భాగం గిలెస్పీ కట్టాడు. గిల్ ఫుల్లర్ అంతా కాగితం మీద పెట్టి అమర్చాడు. ఏ వాద్యం ఎప్పుడు ప్రవేశించాలో, ఏది దేనితో పెనవేసుకోవాలో తలలో వుంచుకున్నవాణ్ణి స్వరకర్త అంటారు. కాగితం మీద రాయలేదు గనక అతని ఆలోచనను ఆవేశం అనాలా? అక్షరం రాని వేమారెడ్డి ఎవరయినా పద్యం చెబితే మనం ఆశుకవి అంటాం. అడవి శక్తి అనం.

అతను పరిష్కరించవలసిన చిక్కు చిన్నది కాదు. క్యూబా సంగీతానికి "క్లావే" వెన్నెముక. రెండు ఆవర్తాల కాలంలో అయిదు దెబ్బలు, ఒకదానిలో మూడు, రెండోదానిలో రెండు. ఎవరు ఏమి వాయించినా ఆ అయిదు దెబ్బలతో పొసగాలి. పైగా అక్కడ కాలాన్ని సమంగా విడగొడతారు. జాజ్‌లో వూగిస్తూ, హెచ్చుతగ్గులుగా విడగొడతారు. ఈ రెండు లెక్కలూ ఒకదాని కాళ్ళకు ఒకటి అడ్డం పడతాయి. ప్రయాణాలలో బస్సులో చానో గిలెస్పీ చేతికో డోలు, బాస్ వాయించే అల్ మెక్‌కిబ్బన్ చేతికో డోలు యిచ్చి, తానొకటి పట్టుకుని, ముగ్గురికీ మూడు దరువులు పంచి నేర్పేవాడు. "మాంటెకా" వినండి: మొదట క్యూబా లెక్క, నడిమి భాగంలో జాజ్ వూపు, తిరిగి క్యూబా లెక్క. ఆ అతుకు వినిపిస్తుంది. రెండు జాతుల శ్రమ కలిసిన చోట అది వినబడడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

రికార్డు తేదీ మళ్ళీ చూడండి. రెండు రోజులకే, 1948 జనవరి 1న, అమెరికా సంగీతకారుల సమాఖ్య రికార్డింగు సమ్మె మొదలయింది. రికార్డు కంపెనీలు కట్టే సొమ్ముతో పనిలేని సంగీతకారుల కోసం సంఘం ఒక నిధి నడిపేది. కార్మికసంఘాల రెక్కలు విరిచిన 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం దానికి అడ్డం వచ్చింది. సమ్మె డిసెంబరు 14న ముగిసింది. అంతకు పన్నెండు రోజుల ముందు, డిసెంబరు 2న, హార్లెంలోని ఒక బారులో చానో పోసోను కాల్చి చంపారు. దక్షిణ రాష్ట్రాల పర్యటనలో డోళ్ళు దొంగలపాలయి న్యూయార్కుకు తిరిగి వచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ పోలేదు. 33 ఏళ్ళు. గంజాయి బేరంలో తగాదా అన్నారు.

ఆ క్షణంలో బారు యంత్రంలో "మాంటెకా" మోగుతోందని కథలు చెబుతారు. అతని కోపం, అతని గంజాయి, అతని చావు గురించి పేజీలు నింపే విమర్శకులకు అతను నోటితో కట్టిన ట్రంపెట్ వరస ఒక వాక్యం. చానో సాధువు కాడు. కొట్లాటల మనిషి. అతన్ని విప్లవవీరుణ్ణి చెయ్యబోవడం కూడా అబద్ధమే. అయితే ఒక పనివాడి పనిని అంచనా వెయ్యడానికి అతని శవపరీక్ష నివేదిక ఎందుకు తిరగెయ్యాలి? యూరపులో సింఫనీ రాసినవాడు తాగి పడిపోతే, "అయినా ఆ రచన చూడండి" అంటారు. డోలువాడు పడిపోతే, "చూశారా, ఆ డోలు అలాంటిది" అంటారు.

ఇది మనకెందుకు అని అడిగిన విద్యార్థి మిత్రుడికి యిప్పుడు జవాబు చెబుతాను. ఆ రోజుల్లో కాంగా డోలు చర్మాన్ని మంట మీద కాచి శ్రుతి చేసేవారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా వూరి జాతర గుర్తొచ్చింది. గడ్డి మంట చుట్టూ కూర్చుని డప్పులు కాచేవాళ్ళు. వేలితో మీటి, ఆలకించి, మళ్ళీ కాచేవాళ్ళు. వాళ్ళ చేత దొర వెట్టికి వాయించుకునేవాడు. దొర వాళ్ళను పేరు పెట్టి పిలవలేదు. మనం పిలుస్తున్నామా? మన సభల ఆహ్వానపత్రాల్లో అధ్యక్షుడి పేరు, వక్తల పేర్లు, వందన సమర్పణ చేసేవారి పేరు వరసగా అచ్చు వేస్తాం. చివర "డప్పు బృందం" అని వేస్తాం. ఆ తరువాత ఉపన్యాసంలో డప్పును ప్రజల గుండెచప్పుడని పొగుడుతాం. గుండె తనంత తాను కొట్టుకుంటుంది. దానికి నేర్పు అక్కరలేదు, కూలీ అక్కరలేదు. డప్పుకు రెండూ కావాలి.

"మాంటెకా" రికార్డు మీద గిలెస్పీ, ఫుల్లర్ పేర్ల పక్కన పోసో పేరు కూడా రచయితగా వున్నది. ఆ పేరు అక్కడ వుండడం దయ కాదు, అతని పనికి లెక్క. వచ్చే సభకు ఆహ్వానపత్రం రాసే మిత్రులు డప్పు వాయించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి పేర్లు అడిగి రాసుకోండి. ఏ దరువు ఎవరు కట్టారో, ఎవరి దగ్గర నేర్చారో కూడా అడగండి. ఆ తరువాత ప్రజాకళ గురించి మాట్లాడదాం.