వసంతపు మంచులో ఏ దుస్తులు?



గత నెలలో కర్నూలు నుండి ఒక తండ్రి ఉత్తరం వ్రాశారు. ఆయన కుమార్తె ఇంజినీరింగు విద్యార్థిని. మార్చి చివరి వారంలో తోటి విద్యార్థినులతో, ఇద్దరు అధ్యాపకురాళ్ల వెంట కాశ్మీరులోని గుల్‌మర్గ్‌కు వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవాలన్నది ఆ అమ్మాయి కోరిక. తండ్రి అంగీకరించారు. తల్లికి మాత్రం భయం తీరలేదు. "మౌలానా గారూ, మీరు ఆ ప్రాంతం చూసినవారు. అమ్మాయికి ఎంత మందం కోటు కొనమంటారు? ఖర్చుకు వెనుకాడను. నా బెంగంతా చలి గురించే" అని ఆయన అడిగారు.

పదమూడేళ్ల క్రితం నేనూ ఇదే ప్రశ్న వేసుకున్నాను. తప్పు సమాధానం చెప్పుకున్నాను. ఆ తప్పు ఫలితాన్ని నేను కాక, నా విద్యార్థి అనుభవించాడు. కనుక ఈ నెల ఆ సంగతే చెబుతాను.

అప్పుడు విహారయాత్రగా కొందరు విద్యార్థులను తీసుకుని మార్చి నెలలో గుల్‌మర్గ్ వెళ్లాను. ఉత్తరప్రదేశ్‌లో చదువుకున్న రోజుల్లో శీతకాలపు రాత్రులను దూది రజాయి కప్పుకుని గడిపినవాణ్ణి. చలి అంటే నాకు తెలుసునన్న ధీమా ఉండేది. పిల్లలందరికీ లోపల రెండేసి నూలు బనియన్లు తొడిగించాను. పైన స్వెట్టరు, ఆపైన దూది కుక్కిన మందపాటి కోటు. "ఏమైనా సరే, కోటు విప్పవద్దు" అని మరీ మరీ చెప్పాను.

ఉదయం తొమ్మిది గంటలకు అందరూ హాయిగా ఉన్నారు. పదకొండు దాటేసరికి ఎండ కాసింది. వాలు మీద పడుతూ లేస్తూ పిల్లలు చెమటలు కక్కుతున్నారు. ఒక అబ్బాయి నా వైపు చూసి కోటు బొత్తాము మీద చేయి వేశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు చేయి తీసేశాడు. మూడు గంటలకు మబ్బు కమ్మి గాలి మొదలైంది. పావుగంటలో వాడి పెదవులు నీలిరంగుకు తిరిగాయి. మాట తడబడింది. చేతికి తొడుగు వేసుకోవడం కూడా చేతకాలేదు. అక్కడి స్కీ శిక్షకుడు చూసి పరుగున వచ్చి వాడిని టీ దుకాణంలోకి తీసుకుపోయాడు. తడి బనియన్లు విప్పించి, తన సొంత ఫెరన్ తొడిగి, వేడి కహ్వా త్రాగించాడు. గంట తరువాత గాని వాడి వణుకు తగ్గలేదు. ఆ శిక్షకుడు ఆ బనియన్లను పిండి నాకు చూపించాడు. నీళ్లు కారాయి. "హజ్రత్, వీడిని చలి పట్టలేదు, వీడి చెమటే పట్టింది" అన్నాడు.

ఆ మాటలోని శాస్త్రం తరువాత తెలుసుకున్నాను. దుస్తులకు తమంతట తాముగా వేడి ఉండదు. వేడి పుట్టించేది శరీరం. పోగుల మధ్య నిలిచిన గాలి ఆ వేడిని బయటికి పోనివ్వదు. ఆ గాలి స్థానంలోకి నీరు చేరితే కథ మారిపోతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. పైగా ఆ తడి ఆవిరయ్యేటప్పుడు మరికొంత వేడిని తీసుకుపోతుంది.

ఇది మనకు తెలియనిది కాదు. వేసవిలో నీళ్ల కుండకు తడి గుడ్డ చుడతాము. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుతాము. మే నెలలో నూలు చొక్కా మనకు ప్రాణం పోసేది కూడా ఈ కారణంచేతనే. నూలు తడిని పీల్చుకుంటుంది, పట్టుకుంటుంది, ఆరడానికి ఎంతో సమయం తీసుకుంటుంది. కర్నూలు ఎండలో మేలు చేసే ఆ గుణమే గుల్‌మర్గ్ మంచులో కీడు చేస్తుంది. నా దూది రజాయి పొడిగా ఉన్నంతవరకు నన్ను కాపాడింది. మంచు మీద శ్రమించే మనిషి పొడిగా ఉండడని నేను ఆలోచించలేదు.

మార్చిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. జనవరిలో రోజంతా చలే కనుక వేసుకున్నది వేసుకున్నట్లు ఉండవచ్చు. వసంతంలో ఒక్క పగటిలోనే మూడు ఋతువులు కనబడతాయి. రాత్రి గడ్డకట్టిన మంచు ఉదయం గాజుపలకలా గట్టిగా ఉంటుంది. ఎండ తగిలాక ఉప్మా రవ్వలా విడిపోతుంది. మధ్యాహ్నానికి జావలా మారుతుంది. అప్పుడు క్రింద పడితే, ముఖ్యంగా నేర్చుకునేవారు మాటిమాటికీ పడతారు కదా, ఆ నీరంతా బట్టలకే. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. గుల్‌మర్గ్ మైదానం సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. గొండోలా రెండవ దశ అఫర్వత్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల వద్ద దింపుతుంది. వేయి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది సాధారణ లెక్క. అంటే క్రింద ఐదు డిగ్రీలున్న వేళ పైన సున్నాకు మూడు డిగ్రీలు దిగువన ఉండవచ్చు. గాలి వీస్తే ఒంటికి ఇంకా చల్లగా తోస్తుంది.

కనుక సోదరా, "ఎంత మందం కోటు" అన్న ప్రశ్నను ప్రక్కన పెట్టండి. విప్పడానికీ తొడగడానికీ వీలైన మూడు పలుచని పొరలు కావాలి. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క బాధ్యత.

మొదటిది ఒంటిని అంటి ఉండే పొర. దీని పని చెమటను చర్మం నుండి తొలగించడం. సన్నని మెరినో ఉన్నితో గాని, పాలియెస్టరుతో గాని చేసిన థర్మల్ చొక్కా, పైజామా తీసుకోండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకుని కూడా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. పాలియెస్టరు తేమను పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. దుకాణంలో థర్మల్ అని అమ్మే వాటిలో నూలువి కూడా ఉంటాయి. కాబట్టి లోపలి చీటీ చదివి కొనండి. బనియను, లోదుస్తులు, మేజోళ్లలోనూ నూలు వద్దు.

రెండవది వెచ్చదనాన్ని నిలిపే పొర. ముందు జిప్పు ఉన్న ఫ్లీస్ చొక్కా చాలు. ఇంట్లో అమ్మ అల్లిన అసలు ఉన్ని స్వెట్టరు ఉంటే అదీ మంచిదే. అయితే తల మీదుగా తొడిగేదైతే హెల్మెట్ తీసి మరీ విప్పాలి. ఆ బద్ధకంతోనే మనిషి చెమటలో నానుతాడు. మందపాటిది ఒకటి కంటే పలుచనివి రెండు మేలు. ఎండ రాగానే ఒకటి సంచిలోకి పోతుంది.

మూడవది గాలినీ నీటినీ అడ్డుకునే పైపొర. వసంతంలో దీనిలో దూది, ఈకల కూర్పు అవసరం లేదు. చంకల క్రింద జిప్పులున్న జాకెట్టు దొరికితే వదలకండి. పైకి ఎక్కేటప్పుడు మూసి, శ్రమించేటప్పుడు తెరిస్తే జాకెట్టు విప్పకుండానే లోపలి ఆవిరి పోతుంది. కొన్ని జాకెట్ల మీద 10,000 మిల్లీమీటర్లని వ్రాసి ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని ఆ గుడ్డ తట్టుకుంటుందని దాని అర్థం. తడిమంచుకు ఆ మాత్రం కావాలి. ప్యాంటు విషయంలో జాకెట్టు కంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. నేర్చుకునేవారు సగం సమయం మంచులో కూర్చునే ఉంటారు. జీన్స్ ప్యాంటు తడిస్తే సాయంత్రం దాకా ఆరదు.

ఇప్పుడు తల్లిగారి సందేహాలు. బిడ్డ పరదా సంగతి ఏమిటని ఆమె అడిగి ఉంటారు. స్కీ జాకెట్టు, ప్యాంటు వదులుగానే ఉంటాయి. లోపల మోకాళ్ల వరకు వచ్చే పలుచని పాలియెస్టరు కుర్తా వేసుకోవచ్చు. తలకు మాత్రం పొడవాటి చున్నీ వద్దు. వ్రేలాడే కొస లిఫ్టులో చిక్కుకుంటే ప్రాణాపాయం. పిన్నులు లేకుండా తలనూ మెడనూ కప్పి, హెల్మెట్ క్రింద ముడత పడకుండా ఇమిడే సాగే గుడ్డ హిజాబు తీసుకోండి. చెమట పడుతుంది కనుక రెండు ఉంచండి. వుజూ చేశాక చేతులనూ కాళ్లనూ చిన్న తువ్వాలుతో పూర్తిగా తుడుచుకున్న తరువాతనే మేజోళ్లు, చేతి తొడుగులు వేసుకోమనండి. తడి పాదంతో బూటులో దిగితే ఆ పూటంతా ఆ పాదం వెచ్చబడదు.

పాదాల గురించి మరొక మాట. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు తొడిగించేవారు ఉన్నారు. స్కీ బూటు గట్టిగా బిగిసే వస్తువు. రెండు జతలు ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి వ్రేళ్లు మొద్దుబారతాయి. పొడవాటి ఉన్ని జత ఒక్కటే చాలు. చేతి తొడుగులు మాత్రం రెండు జతలుండాలి. మధ్యాహ్నానికి మొదటి జత తడిసి తీరుతుంది. కళ్లకు గాగుల్స్, ముఖానికి ఎండ నుండి కాపాడే లేపనం మరువవద్దు. క్రొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాలలో 80 శాతం వరకు తిప్పికొట్టగలదు. గడ్డం క్రింద కూడా చర్మం కమిలేది అందుకే.

ఖర్చుకు వెనుకాడనన్నారు. అయినా వృథా ఎందుకు? పైపొర జాకెట్టు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్ గుల్‌మర్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. ఆరేడు రోజుల పనికి అవి కొనడం అనవసరం. ఒంటిని అంటుకునే థర్మల్స్, మేజోళ్లు, తొడుగులు మాత్రం సొంతంగా కొనండి. స్వెట్టరు ఇంట్లోదే వాడండి. మందపాటి కోటు ఇప్పటికే కొని ఉంటే తిరిగి ఇవ్వకండి. ప్రయాణంలోనూ, సాయంత్రం గదిలోనూ అది పనికి వస్తుంది. కాశ్మీరీలు కూడా చలికి ఫెరన్ తొడిగి కాంగిడి కుంపటిని లోపల పెట్టుకుంటారు. నన్ను ఆదుకున్న శిక్షకుడు వాలు మీద పలుచని జాకెట్టుతో తిరిగాడు. ఆయన ఫెరన్ టీ దుకాణంలో కొయ్యకు వ్రేలాడుతున్నది.

దుస్తులు కొనిపెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. అమ్మాయికి ఒక అలవాటు నేర్పండి. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. అప్పుడే వెచ్చగా ఉంటే పది నిమిషాలలో చెమట ఖాయం. చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి, చలి వేయకముందే తిరిగి తొడగాలి. మబ్బు కమ్మినా, లిఫ్టు ఎక్కబోతున్నా, విశ్రాంతికి ఆగినా పొర తొడగవలసిన సమయం వచ్చినట్లే. పొడి థర్మల్ చొక్కా ఒకటి నీరు చొరని సంచిలో ఎప్పుడూ వెంట ఉండాలి.

అధ్యాపకురాళ్లకు కూడా ఈ మాట చేరవేయండి. ఎవరికైనా వణుకు ఆగక, మాట ముద్దగా వస్తూ, చేతులు పట్టు తప్పుతుంటే ఆ రోజుకు ఆట ముగిసినట్లే. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే ప్రాణాపాయం. తడి బట్టలు తీసి, పొడి బట్టలు చుట్టి, తెలివిలో ఉంటే వేడిగా తీయగా ఏదైనా త్రాగించి వైద్యుని వద్దకు చేర్చాలి. వణుకు ఆగిపోయి మగతగా ఉంటే కుదుటపడిందని భ్రమపడరాదు. అది మరింత ప్రమాదకరమైన దశ.

ఆ అబ్బాయి ఇప్పుడు తానే ఉపాధ్యాయుడు. నేను తల అడ్డంగా ఊపిన ఆ క్షణాన్ని వాడు ఎన్నడూ ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తి క్షమాపణ అడిగాను. "మీరు వద్దన్నారు, నేను ఊరుకున్నాను" అన్నాడు, అంతే. పెద్దల మాటకు ఎదురాడకూడదని వాడికి నేర్పింది నేనే కదా! ఆనాటి నుండి పిల్లలను ఏ చలి ప్రదేశానికి తీసుకుపోయినా "చలిగా ఉందా?" అని అడగను. ఆ ప్రశ్నకు బిడియపడే పిల్లలు లేదనే చెబుతారు. మెడ వెనుక కాలరులోకి రెండు వ్రేళ్లు పెట్టి చూస్తాను. తడి తగిలితే "ఒక పొర తీసెయ్యి నాయనా" అంటాను.

మీ అమ్మాయికి కూడా చెప్పండి, ఒంటి మీద బట్ట విప్పాలా తొడగాలా అన్నది ఎవరి అనుమతీ అడగవలసిన విషయం కాదని. అల్లాహ్ ఆ బిడ్డను క్షేమంగా తీసుకువెళ్లి, క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.