బొంతను సజ్జ మీంచి దించండి

"నాకూ చేతులతో ఏదైనా చెయ్యాలనుంటుంది గానీ ఐడియాలే రావు" అనే మాట ఈ మధ్య చాలామంది ఆడవాళ్ళ నోట వింటున్నాను. ఆ వెంటనే ఫోన్‌లో ఎవరో గీసిన డిజైన్లు వెతకడం, రంగులు నింపే కిట్ తెప్పించుకోవడం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

నిజామాబాద్‌లో ఎగ్జిబిషన్ పెడితే బెంగాలీ కాంథా దుప్పటి వేలు పోసి కొంటారు. కాంథా అంటే ఏంటండీ? పాత చీరలు పొరలుగా పరిచి సాదా కుట్టుతో కలపడమేగా మొదట! మన బొంత కూడా అదే కదా. కొన్నది కళ, అత్తమ్మ కుట్టింది పాతగుడ్డలు. చుట్టాలొస్తే సజ్జ మీదికి పోవాల్సిందే.

మా ఇంటి బొంతకు అంచు నారాయణపేట చీరది. మధ్యలో మామయ్య ధోతి, ఒక మూల ఆడబిడ్డ చిన్నప్పటి లంగా ముక్క. అత్తమ్మ ముందుగా బొమ్మేమీ గీసుకోలేదు. గట్టి గుడ్డ పైకి, నలిగింది లోపలికి. ఎర్ర గుడ్డ చాలని చోట పచ్చ ముక్క వేసింది. చూసేవాళ్ళ కన్ను ముందు అక్కడే ఆగుతుంది. ఐడియా ఆ కొరతలోంచే వచ్చింది, ఫోన్‌లోంచి కాదు.

"అది అవసరానికి కుట్టింది, కళ ఎలా అవుతుంది?" అంటారు. గోదావరి దాటితే నిర్మల్. అక్కడి బొమ్మలు పొణికి కర్రతో, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతోనే కదా చేస్తారు? చుట్టూ దొరికేదే.

బతుకమ్మ కూడా అంతే. ఆ రోజు ఎంత తంగేడు దొరికింది, గునుగుకు ఏ రంగు అద్దాం అన్నదాన్ని బట్టి వరస మారుతుంది. అందుకే ఏ రెండిళ్ళ బతుకమ్మలూ ఒకలా ఉండవు. ప్లాస్టిక్ పూలది కొనుక్కొస్తే అన్నీ ఒకటే. గునుగు దొరకట్లేదంటారా, నిజమే. మక్క చేన్లలో గడ్డిమందు కొడితే ఇంకెక్కడ మిగులుతుంది? ఆ గొడవ మనం కాక ఎవరు పెట్టుకుంటారు?

బోధన్ అంటే అందరూ 2015లో మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ గురించే రాస్తారు. రాయాల్సిందే. కానీ ఖాళీ చక్కెర బస్తాలతో పట్టాలు కుట్టిన మా వీధి ఆడవాళ్ళను తలచుకున్నవాళ్ళేరీ?

తీరిక లేదనకండి, వాళ్ళకూ లేదు. ఈ ఆదివారం బొంత దించి ఎండలో వెయ్యండి. కుట్టినామె ఉంటే పక్కన కూర్చుని ఏ ముక్క ఎవరిదో అడిగి రాసుకోండి. తర్వాత బీరువాలో మూలుగుతున్న పాత కాటన్ చీరలు తియ్యండి.

మా అత్తమ్మకిప్పుడు సూదిలో దారం ఎక్కడం లేదు. నేనెక్కించి కుడుతున్నాను. కుట్టు దూరం దూరంగా పడుతోందని తిడుతోంది.