దమ్మున్న మనుషులు

మన వైపు 'దమ్ము' అనే మాటకు రెండర్థాలు. ఒకటి ధైర్యం, రెండోది ఆయాసం రోగం. 'వానికి దమ్మున్నది' అంటే మొనగాడని మెచ్చుకున్నట్టు. 'వానికి దమ్మున్నదట' అంటే ఇంక పనికిరాడని పక్కన పెట్టినట్టు! ఈ రెండు దమ్ములూ ఒకే మనిషిలో ఉండగలవని మనం ఎందుకు ఒప్పుకోం?

ఇది మనకు దూరపు సంగతి కాదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపుల నుంచి వచ్చి చదువుకుంటున్న మనలో చాలామందిమి దుమ్ములో పుట్టి పెరిగినవాళ్ళమే. ఒకచోట పత్తి, వడ్ల దుమ్ము. ఒకచోట మిర్చి కల్లాల ఘాటు. ఒకచోట బొగ్గు. కట్టెల పొయ్యి పొగ మన తల్లుల వంతు.

మా పెద్దనాయినకు ఏళ్ళ తరబడి ఉబ్బసం. ఊళ్ళో ఎవరి బావి మోటారు కాలినా ఆయనే రావాలె. పొలం ఎండుతున్నదంటే అర్ధరాత్రయినా పానాలు పట్టుకొని పోతడు. గరీబోళ్ళ దగ్గర పైసా తీసుకోడు. కాని ఇన్‌హేలర్ మాత్రం కొట్టంలోకి పోయి చాటుగా పీలుస్తడు! "పంపు అలవాటైతదట బిడ్డా, నలుగురు చూస్తె ఏమనుకుంటరు?" అంటడు.

సైన్సు చదివే మనం నోరు విప్పాల్సింది ఇక్కడే. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్కసారి పీలిస్తే వచ్చేది 100 మైక్రోగ్రాములు. రెండుసార్లు పీల్చినా ఆ మాత్రలో ఇరవయ్యో వంతే! మాత్ర రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, పీల్చిన మందు నేరుగా బిగుసుకున్న శ్వాసనాళాలకు చేరుతుంది. అయితే అది అప్పటికప్పటి ఉపశమనమే. లోపలి వాపు తగ్గాలంటే డాక్టరు రాసిన నివారణ మందును ఆయాసం లేని రోజుల్లో కూడా మానకుండా వాడాలి. ఉబ్బసం పూర్తిగా పోకపోవచ్చు, కాని అదుపులో ఉంటుంది.

అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్నర్ కెర్సీ కూడా మొదట్లో తన ఉబ్బసాన్ని కోచ్‌ల దగ్గర దాచింది. తర్వాత రోగాన్ని ఒప్పుకొని మందు వాడింది. 1988 సియోల్‌లో హెప్టాథ్లాన్, లాంగ్ జంప్, 1992 బార్సిలోనాలో మళ్ళీ హెప్టాథ్లాన్... మూడు ఒలింపిక్ స్వర్ణాలు! పుట్టిన ఊరు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పిల్లల కోసం ఆటల కేంద్రం కూడా నెలకొల్పింది.

మన అలిశెట్టి ప్రభాకర్ కథ వేరు. 1954లో జగిత్యాలలో పుట్టి, బొమ్మలు వేసి, ఫొటో స్టూడియోతో బతుకు వెళ్ళదీసిన కవి. క్షయ పీడిస్తున్నా కలం వదలలేదు. 'ఆంధ్రజ్యోతి'లో 'సిటీ లైఫ్' పేరుతో చిట్టి కవితలు రాశాడు. 1990లో 'సంక్షోభ గీతం', 1992లో 'సిటీ లైఫ్' పుస్తకాలు వెలువడ్డాయి. 1993 జనవరి 12న, తన పుట్టినరోజు నాడే, 39 ఏళ్ళకు కన్నుమూశాడు.

ఆయన గుండెదిటవుకు అందరం చేతులెత్తి మొక్కుతాం. కాని క్షయ అప్పటికే నయమయ్యే జబ్బు అన్న సంగతి ఎంతమందిమి తలుచుకుంటాం? రోగి ధైర్యాన్ని పొగడడం మనకు తేలిక. అతని మందు, తిండి, విశ్రాంతి గురించి పట్టించుకోవడమే కష్టం!

నేడు క్షయ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు వాడితే చాలు. పోషకాహారం కోసం 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలైంది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. ఇన్ని ఉన్నా రోగిని ఆసుపత్రి గడప తొక్కనీయనిది చాలాసార్లు సిగ్గు. ఆ సిగ్గు మన చూపుల్లోంచి పుట్టిందే.

మిత్రులారా! పక్క బెంచీ వాడు ఇన్‌హేలర్ తీస్తే వింతగా చూడకండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్ళను తెమడ పరీక్షకు వెంట తీసుకుపోండి. ఊపిరి చాలకపోయినా ఊరికి సాయపడుతున్న మనుషులు ఊరూరా ఉన్నారు. వాళ్ళకు ఊరు పడ్డ బాకీ తీర్చే పని చదువుకున్న మనదే!