వేలెడంత ముక్కకు వేలు పోయాలా?

పోయిన చలికాలం, పుష్యమాసంలో ఒక తెల్లవారుజాము. మా పెదనాయినను హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆయనకు డెబ్బై ఆరేండ్లు. మర్రిగూడ మండలంలో ఆ తరం వాళ్లలో చాలామందికి అయినట్టే, ఫ్లోరైడ్ నీళ్లు ఆయన ఎముకల్ని బిగదీశాయి. మెడ తిరగదు, మోకాళ్లు పూర్తిగా ముడవవు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మా ఇంటికి వచ్చాయిగానీ, వంగిపోయిన ఎముకను ఏ నీళ్లూ మళ్లీ నిలబెట్టలేవు. ఆయన బస్సు మెట్లు ఎక్కలేడు, ఆటోలో ఇరికి కూర్చోలేడు. మా 2003 మోడల్ టాటా సుమో ముందు సీట్లో మాత్రం కాళ్లు చాపుకొని కూర్చోగలడు. బత్తాయి తోటకు బోరు వేయించడానికి అప్పు చేసిన ఏడు కూడా నేను ఆ బండిని అమ్మకపోవడానికి కారణం అదే.

ఆ పొద్దున తాళం తిప్పితే లోపల ‘టక్’ మన్నది. అంతే. మళ్లీ తిప్పితే అదీ లేదు.

“ఏందిరా, లేస్తలేదా?” అన్నాడు పెదనాయిన, సీట్లో నుంచి తల తిప్పలేక ముందుకే చూస్తూ.

వాడకట్టు పిలగాండ్లు నలుగురు వచ్చి చెరువు వైపు వాలులో నూకితే బండి అందుకుంది. ఆ రోజుకు ఆసుపత్రి పని అయింది. దారి పొడుగునా ఇంజిన్ బంద్ చేయడానికి భయపడ్డాను.

డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలి పొద్దున ఆ వేడి చాలదు కాబట్టి హీటర్ ప్లగ్గులు ముందే లోపలి గదిని కాస్త వేడెక్కిస్తాయి, ఆ తర్వాత సెల్ఫు మోటారు ఇంజిన్‌ను తిప్పుతుంది. వీటన్నిటికీ కరెంటు పంపేది తాళం వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్చు. రోజుకు ఐదుసార్లు లెక్కేసుకున్నా ఇరవై రెండేండ్లలో నలభై వేలసార్లు తిప్పిన స్విచ్చు అది. లోపలి రాగి బిళ్లలు అరిగిపోవడం సహజం, అందులో ఎవరి తప్పూ లేదు. నా బాధంతా అరిగిన ఆ ముక్క బజారులో విడిగా దొరక్కపోవడం గురించే.

మాల్ అనే ఊళ్లో బండ్ల కరెంటు పని చేసే మేస్త్రీ టెస్ట్ ల్యాంపు పట్టుకొని గంటసేపు వెతికాడు. బ్యాటరీ టెర్మినళ్లు గీకాడు, ఎర్తు తీగ బిగించాడు, సెల్ఫు విప్పి కార్బన్లు చూశాడు. “సెల్ఫు మంచిగనే ఉందన్నా, కార్బన్లు సగం గూడ అరగలే. స్విచ్చు ఎన్కాల కాంటాక్టు కాలింది. గీ ముక్క దొరికితే సాలు,” అని అరచేతిలో పెట్టాడు. వేలెడంత ప్లాస్టిక్ దిమ్మ, దాని మీద మూడు నల్లటి మచ్చలు.

ఆ దిమ్మ కోసం మూడుసార్లు పట్నం పోయాను. మొదట పెద్ద దుకాణం. “విడిగా రాదు, సెట్టు తీసుకోవాలి,” అన్నారు. సెట్టంటే స్టీరింగ్ లాకు, తలుపుల తాళాలు, డీజిల్ ట్యాంకు మూత, అన్నీ కలిపి. దగ్గర దగ్గర ఐదు వేలు. అదీ ముందుగా పైసలు కట్టి మూడు వారాలు ఆగితేనే. నా తలుపుల తాళాలకు ఏ రోగమూ లేదు. సుమో 1994లో వచ్చింది, 2019లో దాని తయారీ ఆగిపోయింది. ఆగిపోయిన బండికి సామాను తక్కువ ఉంటుందని నాకూ తెలుసు. తాళాల సెట్టు మొత్తం తెప్పించగలిగినప్పుడు అందులోని ఒక్క ముక్కను విడిగా ఎందుకు ఇవ్వలేరన్నది మాత్రం నాకు అర్థం కాలేదు.

రెండోసారి పుత్లీబౌలిలో ఒక చిన్న దుకాణం. మూడు వందల యాభైకి కొత్త స్విచ్చు ఇచ్చారు. డబ్బా రంగు అసలుదాని లాగే ఉంది, పేరులో మాత్రం ఒక అక్షరం తేడా. తెలిసే కొన్నాను, ఎందుకంటే ఆ వారమే పెదనాయినను మళ్లీ చూపించాలి. తొమ్మిది వారాలు గడిచాయి. సాగర్ రోడ్డు మీద యాచారం దాటగానే స్టీరింగ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. పక్కకు ఆపి బ్యాటరీ తీగ పీకేశాను. మంట రాలేదు. వచ్చుంటే, నా పక్కన ఉన్నది తలుపు తీసుకొని గబుక్కున దిగగలిగే మనిషి కాదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి.

స్విచ్చును చిన్న సామాను అనుకునేవాళ్లు అమెరికాలో జరిగింది తెలుసుకోవాలి. ఇగ్నిషన్ స్విచ్చు లోపం వల్ల జనరల్ మోటార్స్ 2014లో దాదాపు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిపించింది. బండి నడుస్తుండగానే తాళం వెనక్కి జారేది, ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. నష్టపరిహార నిధి లెక్క ప్రకారం దానివల్ల 124 మంది చనిపోయారు. కాబట్టి నేను అడుగుతున్నది చవక నకిలీ కాదు. నమ్మదగిన ముక్క, రైతు భరించగలిగే ధరకు.

మూడోసారి వనస్థలిపురం ఆటోనగర్ పోయాను. విప్పేసిన సుమో నుంచి తీసిన అసలు కాంటాక్టు దిమ్మ ఆరు వందలకు దొరికింది. అమ్మినాయన బ్యాటరీకి కలిపి వెలిగించి చూపించాకే పైసలు తీసుకున్నాడు. మాల్ మేస్త్రీ దాన్ని బిగించి, సెల్ఫుకు పోయే కరెంటు స్విచ్చు మీద పడకుండా మధ్యలో ఒక రిలే పెట్టాడు. అప్పటినుంచి బండి ఒక్క తిప్పుకే లేస్తున్నది. ఢిల్లీలో కాశ్మీరీ గేటు, చెన్నైలో పుదుపేట, విజయవాడలో ఆటోనగర్, ఇలాంటి బజార్లే లక్షల పాత బండ్లను బతికిస్తున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ల నైపుణ్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ మర్రిగూడ మనిషికి ఒక్క ముక్క కోసం మూడు రోజుల పని, మూడుసార్ల చార్జీలు పోవడం న్యాయమేనా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు, బహిరంగ మార్కెట్‌కు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది, వాటిని అందరికీ దొరికేలా చేయాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంట్లో వాడే యంత్రాలతో పాటు మోటారు వాహనాలనూ అందులో చేర్చింది. అదే ఏడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానికి ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచి అడుగే. అయితే నా వేలెడంత ముక్కను విడిగా అమ్మి తీరాలనే నిబంధన దాకా ఆ అడుగు పడాలి.

ప్రభుత్వం పాత బండ్ల మీద ఫీజులు పెంచడంలో మాత్రం ఆలస్యం చేయలేదు. పదిహేనేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.600 కాస్తా రూ.5,000 అయింది. 2023లో నేను ఆ ఐదు వేలూ కట్టి మరో ఐదేండ్లకు అనుమతి తెచ్చుకున్నాను. ఇరవై ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. 2028లో నేను కట్టాల్సింది అది. పొగ ఎక్కువ వదిలే బండ్లు రోడ్డు దిగాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. మా పిల్లలు పీల్చేదీ ఆ గాలే. కానీ ఫిట్‌నెస్ పరీక్ష పెట్టి, ఫీజు తీసుకొని, తిరగమని కాగితం ఇచ్చాక, ఆ బండి భద్రంగా తిరగడానికి కావలసిన సామాను దొరికేలా చూడడం కూడా ప్రభుత్వం పనే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. సెల్ఫు మోటార్లు, హీటర్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు ఆ లెక్కలోకే వస్తాయి. ఆ ఊరట, దొరకని సామానుకు ఎట్లా వర్తిస్తుంది?

నేను కోరేవి నాలుగే. ఒకటి, బండి తయారీ ఆగిన తర్వాత ఎన్నేండ్లు విడిభాగాలు దొరుకుతాయో అమ్మేటప్పుడే రాసి ఇవ్వాలి. రెండు, సెట్టులో ఏ ముక్క అరుగుతుందో దాన్ని విడిగా అమ్మాలి. సెల్ఫుకు కార్బన్లు, బెండిక్స్, సోలినాయిడ్ విడివిడిగా దొరుకుతున్నప్పుడు స్విచ్చుకు కాంటాక్టు దొరకడంలో కష్టమేముంది? మూడు, పార్టు నంబర్లు, ధరలు తెలుగులో సహా అందరికీ కనిపించేలా పెట్టాలి. నాలుగు, తుక్కుకు పోయే బండ్ల నుంచి తీసిన మంచి ముక్కల్ని పరీక్షించి, ముద్ర వేసి, రసీదుతో అమ్మే పద్ధతి రావాలి. ఆటోనగర్‌లో ఆ పని చేతికి వచ్చినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. వాళ్లకు కావలసింది గుర్తింపు.

ఆ రోజు వచ్చేదాకా నా లాంటి పాత బండి యజమానులకు నా అనుభవం నుంచి నాలుగు మాటలు. తాళం తిప్పితే బండి పలకకపోతే ముందు టెర్మినళ్లు, ఎర్తు చూపించండి. సగం రోగాలు అక్కడే ఉంటాయి. సెల్ఫు తిప్పేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ తొమ్మిదిన్నర కన్నా కిందికి పడితే కొత్త పార్టు కొనకముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. పాత ముక్కను పారేయకుండా, దాని మీది నంబరు చూపించి అడగండి. రసీదు తీసుకోండి. మోసపోతే 1915కు ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే మన ఫిర్యాదు నమోదు కాకపోతే మన బాధ లెక్కలోకే రాదు.

కాలిన ఆ దిమ్మను నేను డ్యాష్‌బోర్డు అరలోనే ఉంచాను. మొన్న ఆసుపత్రికి పోయేటప్పుడు పెదనాయిన దాన్ని చేతిలోకి తీసుకొని, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకొని చూశాడు. “నా మోకాలికైతే మారుముక్క లేదు బిడ్డా. దీనికి ఉన్నప్పుడు ఎందుకియ్యరు?” అన్నాడు. ఈ వ్యాసం రాసింది ఆ ప్రశ్నను జవాబు చెప్పవలసినవాళ్ల దాకా చేర్చడానికే.