మెడ మీద బిళ్ళ కడితే



మెడ మీద గడ్డ కనబడితే మన పల్లెలలో మొదట చేసేది పసరు కట్టించడము. తగ్గకపోతే పైటకొంగు కప్పి దాచుకోవడము. ఈ నెల మేము ఆ సంగతే వ్రాస్తున్నాము.

ఉయ్యూరు ప్రక్క పల్లెలో చెరకు కోతకు వెళ్ళే ఒక తల్లి ఉన్నదనుకొందాము. విజయవాడలో డాక్టరు చదువుతున్న మేనకోడలు సెలవులకు వచ్చి, ఆమె మెడ ప్రక్కన ఉసిరికాయంత గడ్డ చూచింది. ఆ విద్యార్థిని ఎట్లు ఆలోచించాలి?

ముందు అడగాలి. "అత్తా, ఇది ఎన్నాళ్ళ నుండి? నొప్పి ఉన్నదా? సాయంకాలము జ్వరము వస్తున్నదా? రవికెలు వదులైనవా?" పుప్పిపన్ను, గొంతునొప్పి, తలలో కురుపు వలన కట్టిన బిళ్ళ నొప్పిగా ఉండి, సాధారణముగా రెండు మూడు వారాలలో తగ్గిపోతుంది. గుటక వేసినప్పుడు గడ్డ పైకి లేస్తే థైరాయిడ్ కావచ్చును. రాయివలె గట్టిగా, కదలకుండా ఉంటే, అందులోను చుట్ట, గుట్కా అలవాటున్నవారికైతే, కేన్సరు కాదని తేలేవరకు ఊరుకోరాదు. ఈ తల్లికి రెండు నెలలుగా నొప్పిలేని బిళ్ళలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నవి. పొద్దుగూకితే ఒళ్ళు వెచ్చబడుతున్నది. మన దేశములో ఇట్టి గడ్డకు తరచుగా కారణము క్షయ. పెద్దలు గండమాల అన్నది దీనినే.

అయినను చేతితో తడిమి తీర్పు చెప్పరాదు. సన్నని సూదితో గడ్డలోనిది కొంచెము తీసి పరీక్ష చేయాలి. ఛాతీ ఎక్స్‌రే, చక్కెర, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడ చేస్తారు.

ఆ తల్లి భయము వేరు. "ఈ మాట పొక్కితే నా పిల్లకు సంబంధము వస్తుందా?" గ్రంథులకు మాత్రమే వచ్చిన క్షయ ఇతరులకు అంటదు. కంచము వేరు చేయవలసిన పని లేదు.

ఒకప్పుడు క్షయ రోగులు ఇల్లు విడిచి వెళ్ళవలసి వచ్చేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనులు కలిసి 1915లో తెరచిన శానిటోరియములో డేనిష్ మిషనరీ డాక్టరు ఫ్రిమొట్ మొల్లర్ ఎందరికో సేవ చేశారు. తరువాత, ఇంటివద్ద మందులు మ్రింగినవారును శానిటోరియములో ఉన్నవారితో సమానముగా బాగుపడుతున్నారని 1959లో మద్రాసు పరిశోధన చూపింది.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితము. సాధారణముగా ఆరు నెలలు వాడాలి. పోషకాహారమునకు నెలకు 500 రూపాయలుగా ఉన్న సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడిందని మానివేస్తే రోగము మొండికెత్తుతుంది. మందులు వాడుచుండగా గడ్డ కొంత పెరిగినట్లు కనబడినా మానక, డాక్టరుకు చూపాలి.

ప్రార్థన ఉండగా మందులెందుకని కొందరు అడుగుతారు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా! రెండు వారాలకు తగ్గని గడ్డ ఎవరికున్నా, స్త్రీల సమాజములోని ఒక సహోదరి తోడుగా బస్సెక్కి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలని మా మనవి. ఒంటరిగా వెళ్ళడానికి జంకే తల్లికి ఆ తోడే సగము ధైర్యము.